భుజం మీద కండువా, నెత్తి మీద బిందె

బస్తీ మలుపులో ఆటో దిగి తలెత్తేసరికి ఆమె నన్నే చూస్తోంది. రెండు కరెంటు స్తంభాల మధ్య కట్టిన ఫ్లెక్సీలో. పైన పెద్ద నాయకుడు పెద్దగా, చిన్న నాయకులు చిన్నగా, అందరికంటే కింద మా గల్లీ లీడర్ చేతులు జోడించుకుని. నడుమ ఆమె. ‘మా పార్టీ సీనియర్ నాయకురాలికి అశ్రునివాళి’ అని అక్షరాలు. భుజాల మీద పార్టీ కండువా.

ఒళ్లు మండిపోయింది. ఆమె పోయి వారం దాటింది, మర్నాడు దశదిన కర్మ. బతికున్నంత కాలం ఏ పార్టీకీ దొరకని మనిషి, చచ్చాక నోరు లేదని చూసి దొరకబుచ్చుకున్నారు. నాయకురాలట! సీనియరట! ఆ ముక్క ఆమె వింటే స్తంభం ఎక్కి మరీ చించేది.

ఆ ఫొటో నాకు తెలుసు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. కానీ ఆ కండువా మాత్రం ఆనాటిది కాదు. రంగు మార్చారు. ఫ్లెక్సీ దుకాణంలో కుర్చీలో కూర్చున్న కుర్రాడెవడో మౌస్ నొక్కి ఒక పార్టీ మనిషిని ఇంకో పార్టీలో చేర్పించేశాడు. అసలు రంగేదో, మార్చిన రంగేదో చెప్పను. చెబితే మీరు ఆ రెండు రంగుల్నే తిడతారు, మిగతావి తప్పించుకుంటాయి.

ఆమె పేరూ చెప్పను. “నా పేరు ఓటరు లిస్టుల ఉన్నది సారూ, సాలు. ఇంకే లిస్టుల ఎక్కియ్యకుండ్రి” అనేది. బస్తీ అంతటికీ పెద్దమ్మ. నాకు అమ్మ, ఇంటి ఓనరమ్మ. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ప్యాకింగ్ పని చేసి, భర్తతో కలిసి రేకుల ఇల్లు కట్టుకుంది. దాంట్లోనే ఒక అర్ర నాకు కిరాయికిచ్చింది. నేను వరంగల్ వైపు నుంచి వచ్చి పక్క గల్లీలో ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతుంటాను. ఇల్లు చూడడానికి వచ్చిన రోజు నన్ను ఆమె కులం అడగలేదు, జీతం అడగలేదు. “ఇంట్ల జెండా కడతవా?” అని అడిగింది. కట్టనన్నాను. “ఎవ్వలిదీ?” ఎవ్వరిదీ కట్టనన్నాను. “అయితె దిగు” అంది.

ఓటు రోజు ఆమెను చూడాలి. పొద్దున్నే తలంటుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని బయలుదేరేది. స్కూల్లో బూత్. దానికి కొంచెం దూరంలో రోడ్డు వారన పార్టీల బల్లలు. ఓటరు నంబరు రాసిన చీటీలు అక్కడిస్తారు. మా దగ్గర అందరికీ తెలిసిన సంగతి ఏంటంటే, ఎవరు ఏ బల్ల దగ్గర చీటీ రాయించుకుంటే వాళ్లు ఆ పార్టీ మనుషులని లెక్క. బల్ల మీది మనిషి చీటీ రాస్తూనే టిక్కు పెట్టుకుంటాడు. ఈమె మొదటి బల్ల దగ్గర చీటీ రాయించుకునేది. రెండో బల్లకు వెళ్లి ఇంకోటి. మూడో బల్లకు వెళ్లి ఇంకోటి. స్వతంత్ర అభ్యర్థి గొడుగు కింద ఒక్కడే దిగులుగా కూర్చుంటే వాడి దగ్గరా ఒకటి. అన్నీ కలిపి గుప్పిట్లో పెట్టుకుని లోపలికి పోయేది. బయటికొచ్చాక అన్ని బల్లల వాళ్లూ ఒకేసారి లేచి అడిగేవాళ్లు.

“పడ్డదా పెద్దమ్మా?”

“పడ్డది.”

“ఎవరికి పడ్డది?”

“మిషన్ల పడ్డది.”

ఇంకు పూసిన వేలు ఎత్తి చూపించి నడిచిపోయేది. ఆ నడక ఉందే, దానికి టికెట్ పెట్టినా జనం చూస్తారు.

ఆమె భర్త ఫ్యాక్టరీలో యూనియన్ మనిషి. ఒకే పార్టీని కడదాకా నమ్మినవాడు. పార్టీ చీలితే ఒక ముక్కతో ఉన్నాడు, ఆ ముక్క చీలితే ఇంకా చిన్న ముక్కతో ఉన్నాడు. ఆయనకూ చెప్పలేదు ఎవరికి వేసేదో. ప్రతి ఎలక్షన్ సాయంత్రం చాయ్ తాగుతూ మెల్లగా కదిపేవాడట. “చాయ్‌ల చక్కెర సరిపోయిందా?” అని ఈమె మాట మార్చేది. దవాఖానాలో ఆఖరి రోజుల్లో కూడా అడిగాడట. “బతికి లెవ్వు, అప్పుడు జెప్త” అందట. ఆ సంగతి నాకు చెబుతూ పడీ పడీ నవ్వింది, తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది. “లెవ్వలే సారూ. లేస్తె జెప్తుంటి కావచ్చు.”

“ఎందుకమ్మా అంత దాపరికం?” అన్నాను ఒకసారి.

“ఓటు ముగ్గుపిండా సారూ, వాకిట్ల సల్లి అందరికి సూపెట్టనీకి? ఎవనికేసిన్నో ఎర్కైందనుకో, నేనేసినోడు ఇగ ఎటు పోతదిలే అనుకుంటడు, నేనెయ్యనోడు దీనికెందుకు జెయ్యాలె అనుకుంటడు. ఎర్కగాలేదనుకో, ఇద్దరు బుగులుగ ఉంటరు.”

నేను ఎనిమిదో తరగతికి పౌరశాస్త్రం కూడా చెప్పేవాణ్ని. పార్టీలు, ప్రభుత్వం, పాలకపక్షం, ప్రతిపక్షం అని పాఠం. పిల్లలు ఆవలించేవాళ్లు. ఆ పాఠం ఆమె రెండు ముక్కల్లో చెప్పింది, వాకిట్లో బియ్యం ఏరుతూ. “సర్కారంటె బాయి సారూ. పార్టీ అంటె బొక్కెన. బొక్కెన లేకుంటె నీళ్లు పైకి రావు, అది నిజమే. ఓటిదైతె మార్సుకుంటం. గని బొక్కెన వట్టుకున్నోడు బాయే నాది అంటె? తోసెయ్యమా బాయిల!” మర్నాడు క్లాసులో అదే చెప్పాను. ఆవలించినవాడు లేడు.

ఇక ఆ ఫొటో సంగతి.

మా బస్తీకి అప్పట్లో నల్లా లేదు. బోరు నీళ్లు పసుప్పచ్చగా వచ్చేవి, నోట్లో పోసుకుంటే తుప్పు రుచి. తాగడానికీ వండడానికీ ట్యాంకరే గతి. ట్యాంకర్ రావాలంటే కార్పొరేటర్ మనుషులు చెప్పాలి. అప్పటికి మా గల్లీ లీడర్ కార్పొరేటర్‌కు ఎదుటి పార్టీలో ఉన్నాడు. తల్లి పనికి పోతే పెద్దమ్మ ఇంట్లోనే గటక తాగి పెరిగినవాడు. మంచివాడే, కుదురే లేదు. ఒకరోజు ఎగిరెగిరి వచ్చాడు.

“పెద్దమ్మా, మా పెద్ద లీడర్ ఉప్పల్ ఫంక్షన్ హాల్‌కు వస్తున్నడు. నల్లా లైన్ అడుగుదాం. ఆడోళ్లందరు ఖాళీ బిందెలు వట్టుకొని రాండ్రి. సారూ, అర్జీ నువ్వు రాయాలె.”

పోయాం. అర్జీ పట్టుకుని నేను, బిందెలు పట్టుకుని వాళ్లు. హాల్లో కుర్చీలు, మైకు, పూలదండలు. ఆ పెద్ద లీడర్ అర్జీ తీసుకుని చదవకుండానే వెనకవాడికిచ్చాడు. తర్వాత పక్కనున్నవాడు ఒక్కో కండువా అందిస్తుంటే, నవ్వుతూ ఒక్కొక్క ఆడమనిషి భుజాల మీదా వేసుకుంటూ పోయాడు. వీళ్లు ఒక్కొక్కరూ తల వంచారు. మా వాళ్ల అలవాటు అది. పెండ్లిలోనో పండగలోనో ఎవరైనా ఎదురొచ్చి బట్ట పెడితే వద్దనరు. వద్దంటే పెట్టిన మనిషిని చిన్నబుచ్చినట్టు. కాబట్టి తల వంచి, బట్ట పెట్టించుకుని, దండం పెట్టి పక్కకు జరిగారు. ఎదురుగా కెమెరా తళుక్కుమంది.

మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. ‘పార్టీలోకి భారీగా మహిళల చేరిక.’ బిందెలు ఫొటోలో లేవు, కత్తిరించేశారు. నల్లా మాట వార్తలో ఎక్కడా లేదు.

ఆ పూట ట్యాంకర్ రాలేదు. మర్నాడూ రాలేదు. పోయి అడిగితే కార్పొరేటర్ మనిషి పేపర్ మడతవిప్పి చూపించాడు. “గా పార్టీల జేరిన్రు గద, ఆళ్లనే అడుగుండ్రి నీళ్లు.”

అప్పుడు పెద్దమ్మ కోడలు పచ్చి బాలింత. పురిటి బిడ్డకు స్నానం చేయించడానికి ఆ పసుపు నీళ్లు కాచి, బట్టలో వడబోసి, మళ్లీ కాచేది ఆమె. బిడ్డ ఒంటి మీద ఎర్రటి పొక్కులు లేచాయి. ఆ పొక్కులు చూసిన రోజు ఆమె ముఖం నేను మర్చిపోలేను. తిట్టలేదు, అరవలేదు. బిడ్డను కోడలి ఒళ్లో పెట్టి వాకిట్లోకి వచ్చింది.

వాకిట్లో అప్పటికే లొల్లి. తీసుకుపోయిన గల్లీ లీడర్‌ను తిట్టేవాళ్లు తిడుతున్నారు. “నన్నేం జెయ్యమంటరు, మా పార్టీ గెలుస్తె నల్లా వస్తది” అంటున్నాడు వాడు, కళ్లల్లో నీళ్లు పెట్టుకుని. ఒకామె అంది, పోయి కార్పొరేటర్ చేత ఇంకో కండువా వేయించుకుందాం, పీడా పోతుందని. చాలామంది తలలూపారు.

“ఎన్ని భుజాలున్నయే నీకు?” అంది పెద్దమ్మ. “ఇండ్లల్లకు పోండ్రి. ఏ పార్టీ కండువా ఉన్నా తేండ్రి. పాతయి, కొత్తయి, గిన్నెలు తుడిసేటియి, అన్ని తేండ్రి. ఖాళీ బిందె కూడ.”

ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. ఎన్ని ఎలక్షన్లు అయితే అన్ని రంగులు. ఒకరింట్లో పొయ్యి మీది గిన్నె దించడానికి, ఒకరింట్లో పెరుగు వడకట్టడానికి, ఇంకొకరింట్లో సైకిల్ తుడవడానికి. అన్నీ వచ్చాయి. ఆమె ఒక కండువా తీసి మెలి తిప్పి, గుండ్రంగా చుట్టి, నెత్తి మీద పెట్టుకుంది. దాని మీద బిందె పెట్టుకుంది. బిందె కింద నెత్తికి ఒరుసుకోకుండా పెట్టుకునే సుట్టబట్ట. మా అమ్మలూ అమ్మమ్మలూ పాత చీర పీలికతో చేసుకునేది. అందరూ అలాగే చుట్టుకున్నారు.

బయలుదేరారు. మిట్టమధ్యాహ్నం, మెయిన్ రోడ్డు మీద, నెత్తిన ఖాళీ బిందెలు, కింద అన్ని పార్టీల రంగులూ. ఫ్యాక్టరీ షిఫ్టు వదిలిన మనుషులు ఆగి చూశారు. నినాదం లేదు, మైకు లేదు. స్కూలుకు సెలవు పెట్టి నేనూ వెనక నడిచాను. నా జన్మలో అంత పొగరుగా ఎప్పుడూ నడవలేదు.

కార్పొరేటర్ వయసులో చిన్నవాడు. లేచి నిలబడ్డాడు, కుర్చీ వేయించాడు. ఆమె కూర్చోలేదు. బిందె దించి అతని బల్ల మీద పెట్టింది.

“ఏంది పెద్దమ్మా గిట్ల? పార్టీ మారితిరి. పేపర్ల గూడ వచ్చె.”

ఆమె నెత్తి మీది సుట్టబట్ట తీసి, మెలి విప్పి, పరిచి చూపించింది. అది కార్పొరేటర్ పార్టీ కండువానే.

“ఇది మీదే గద? పోయిన ఎలక్షన్ల నువ్వే ఏసినవ్ నా భుజాల మీద. గప్పుడు తల వంచిన. మొన్న ఆయన ఏస్తె తల వంచిన. మర్యాద, కొడుకా. పెండ్లికి పోతె రవిక బట్ట పెడ్తరు. బట్ట పెట్టినోళ్లందరి ఇంటికి కోడండ్లమైతమా?”

వెనక ఆడవాళ్లు ఫక్కుమన్నారు. కార్పొరేటర్ కూడా నవ్వాపుకోలేకపోయాడు.

ఆమె నవ్వలేదు. “గెల్సెదాంక నువ్వు నీ పార్టోనివి. గెల్సినంక మా కార్పొరేటర్‌వి. నాకు ఓటెయ్యనోళ్లకు నీళ్లియ్య అంటవా, మంచిది. గీళ్లల్ల ఎవరేసిన్రో ఎవరెయ్యలేదో వేలు వెట్టి సూపెట్టు. నువ్వు సూపెట్టినోళ్లు బిందెలు వట్టుకొని ఇంటికి పోతరు.”

అతను ఆ ముఖాలన్నీ చూశాడు. అతని వేలు లేవలేదు.

“నీకెర్క లేదు. ఎన్నటికి ఎర్కగాదు. నా మనుమరాలి ఒంటి నిండ పొక్కులున్నయి. ట్యాంకర్ పంపు.”

సాయంత్రానికి ట్యాంకర్ వచ్చింది. తర్వాత కొన్నాళ్లకు నల్లా లైన్ కూడా వచ్చింది. మేమే తెచ్చామని ఒకరు, మేం అడిగితేనే వచ్చిందని ఇంకొకరు రెండు శిలాఫలకాలు పాతారు. పెద్దమ్మ ఒకదాని మీద వడియాలు ఎండబెట్టింది, రెండోదాని మీద మిరపకాయలు.

తెలంగాణ ఉద్యమం వచ్చింది. రోడ్డు మీద వంటావార్పు అంటే అందరికంటే ముందు మూడు రాళ్లు పేర్చి పొయ్యి వెలిగించింది ఆమే. లారీలు ఆగిపోతే డ్రైవర్లకూ అన్నం పెట్టింది. పోలీసులు లాఠీలతో వస్తే గంటె పట్టుకుని ఎదురు నిలబడింది. కానీ కండువా తెచ్చి వేయబోతే ఈసారి చెయ్యి అడ్డం పెట్టింది. తల వంచడం ఆమె ఆ ఒక్క ఫొటోతో మానేసింది. నాకు కోపం వచ్చింది. ఉద్యమం కదా, నేనూ భుజాన వేసుకుని తిరుగుతున్న రోజులు.

“ఇది వేరమ్మా. ఇదైనా వేసుకో” అన్నాను.

“రాష్ట్రం నాది సారూ. కండువా ఆళ్లది” అంది. “రాష్ట్రం వచ్చినంక అడిగెటోళ్లు గావాలె గద. అందరం ఏసుకుంటె ఎవలిని ఎవలడుగుతరు?”

ఆమెతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు నేను. ఇవాళ తలచుకుంటే ఆ మాట ముందు నా పౌరశాస్త్రం అంతా గడ్డిపరకలా కనిపిస్తుంది. రాష్ట్రం వచ్చిన రోజు మాత్రం ఆమె ఆడింది చూడండి! మోకాళ్ల నొప్పులు ఏ ఏట్లో కలిశాయో, డప్పు ముందు కొంగు నడుముకు చెక్కి ఒకటే చిందు. మర్నాడు పొద్దున వార్డు ఆఫీసుకు పోయి, ఆగిపోయిన వితంతు పింఛన్ల సంగతి అడిగింది. “నిన్ననే గద పెద్దమ్మా రాష్ట్రమొచ్చింది?” అన్నాడట అక్కడి గుమాస్తా. “అందుకే ఇయ్యాల వచ్చిన” అందట.

ఆ వానాకాలంలోనే ఆమె పోయింది. జ్వరం, ఆయాసం, దవాఖానా, అంతే. గల్లీ లీడర్ పాడె మోశాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వాడి ఏడుపు అబద్ధం కాదు, నాకు తెలుసు. అప్పటికి వాడు ఇంకో పార్టీలో ఉన్నాడు. ఆనాటి పేపర్ ఫొటో వాడి దగ్గర ఉంది. ప్రేమతోనే కట్టించాడు ఫ్లెక్సీ, రంగు మాత్రం మార్చాడు. ఏ రంగూ లేని ప్రేమ వాడికి ఎవరూ నేర్పలేదు పాపం.

ఇంటికెళ్లి ఆమె కోడలికి ఫ్లెక్సీ సంగతి చెప్పాను. ఆమె అప్పటికే చూసింది. మర్నాడు పొద్దున కర్మకు వంటలు మొదలయ్యే ముందు, జాకెట్లు కుట్టే కత్తెర పట్టుకుని వాకిట్లోంచి దిగింది. వెనక బస్తీ ఆడవాళ్లు. ఆ వెనక నేను. నిచ్చెన వేసి తాళ్లు కోస్తుంటే గల్లీ లీడర్ పరుగెత్తుకొచ్చాడు.

“వదినా! గౌరవంగనే పెట్టిన గద. ఎందుకు దించుతున్నవ్?”

“అత్తమ్మ ఏ పార్టీ?”

“మాదే. పోయిన ఓటు మాకే ఏసింది, నాకెర్క లేదా?”

కోడలు నిచ్చెన మీది నుంచే అతని వైపు తిరిగింది. “మా మామకు జెప్పలే. ఆయన పాణం పొయ్యేటప్పుడు అడిగినా జెప్పలే. కొడుకుకు జెప్పలే, నాకు జెప్పలే. నీకొచ్చి జెప్పిందా?”

ఆడవాళ్లు గొల్లుమన్నారు.

ఫ్లెక్సీ కిందికి దిగింది. రోడ్డు మీద పరిచారు. కోడలు మోకాళ్ల మీద కూర్చుని కత్తెర ఆడించింది. పెద్దమ్మ మెడ కింద నుంచి, కండువా అంచు తగలకుండా, ముఖం చుట్టూ జాగ్రత్తగా కోసింది. ముఖాన్ని తీసి తన పెద్దపిల్ల చేతికిచ్చింది. ఒకప్పుడు పొక్కులొచ్చిన పసిబిడ్డే, ఇప్పుడు బడికి పోతోంది. ఆ పిల్ల నాయనమ్మను గుండెకు పట్టుకుని ఇంట్లోకి పోయింది.

మిగిలింది రోడ్డు మీద ఉంది. నాయకులు, అక్షరాలు, నడుమ ఒక బొక్క, బొక్క కింద కండువా. కోడలు దాన్ని పొడుగ్గా మడిచింది. ఇంకోసారి మడిచింది. లేచి నిలబడి, నవ్వుతూ, రెండు చేతులతో గల్లీ లీడర్ భుజాల మీద వేసింది.

“మా అత్తమ్మ మాకు. గిది మీది, తీస్కపో.”

పదిమందిలో ఎదురొచ్చి ఒక ఆడమనిషి భుజాల మీద వేసిన బట్ట. వద్దంటే మర్యాద కాదు. పెద్దమ్మ ఇంట్లో గటక తాగి పెరిగినవాడు, ఆ మాత్రం తెలియదా? తల వంచాడు.

కొంచెం దూరం పోయి వెనక్కి తిరిగాడు. ఇంతలోనే ముఖం తేటపడింది.

“వదినా, నీ ఓటన్న మాకేనా?”

“మిషన్ల పడ్తది, పో. అన్నం తిననీకి మర్వకుండ రా” అంది కోడలు.